ఇన్‌హేలర్‌కు భయపడి మాత్రలు మింగిన రన్నర్

పేషెంట్ 19 ఏళ్ల అమ్మాయి. 800, 1500 మీటర్ల రన్నర్. సొంతూరు ప్రకాశం జిల్లాలో పొగాకు పండే పల్లె. అకాడమీ హాస్టల్లో ఉండి శిక్షణ తీసుకుంటోంది. నవంబరులో తల్లి, కోచ్ కలిసి నా దగ్గరికి తీసుకొచ్చారు. ఐదు వారాల్లో ఉత్తరాదిలో జాతీయ స్థాయి పోటీ ఉంది. ఆమె అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను.

బాధ ఏమిటంటే, రేసు అయిపోయిన కాసేపటికి దగ్గు మొదలై అరగంట దాకా వదలదు. ఛాతీ పట్టేస్తుంది. "పరిగెత్తేటప్పుడు బానే ఉంటది సార్, ఆగినాకే ఊపిరాడదు" అంది. ఈ ఒక్క మాటలోనే సగం రోగ నిర్ధారణ ఉంది. తెల్లవారుజామున ప్రాక్టీస్ ఉన్న రోజుల్లో, అందులోనూ చలి మొదలయ్యాక, ఇంకా ఎక్కువ. వారంలో రెండు మూడు రాత్రులు దగ్గుతో మెలకువ వస్తోంది. చిన్నప్పుడు ఊళ్లో పొగాకు ఆరబెట్టే బ్యారన్లు వెలిగించే రోజుల్లో పిల్లికూతలు వచ్చేవని తల్లి చెప్పింది. మేనమామకు ఉబ్బసం. అమ్మాయికి పొద్దున లేవగానే వరసపెట్టి తుమ్ములు. 1500 మీటర్లలో ఆమె టైమింగ్ ఆరు నెలల్లో దాదాపు తొమ్మిది సెకన్లు వెనకబడింది. కోచ్ మొదట రక్తహీనత అనుకుని ఐరన్ మాత్రలు వేయించాడు. హిమోగ్లోబిన్ చూస్తే 12.4. అది కారణం కాదు.

ఇంతవరకు ఉబ్బసం వచ్చిన ఏ క్రీడాకారిణి కథైనా ఇలాగే ఉంటుంది. ఈ కేసును ప్రత్యేకంగా రాయాలనిపించింది ఆమె తెచ్చిన మందుల సంచి చూశాక.

సంచిలో ఏముంది

"వాడుతున్న మందులన్నీ తీసుకురండి" అని ఫోన్‌లోనే చెప్పి ఉంచాను. తల్లి ఒక బట్టల షాపు కవర్ తెచ్చి టేబుల్ మీద బోర్లించింది. ఒక్కొక్కటి తీసి పక్కన పెడుతూ వచ్చాను.

మొదటిది అలర్జీకి, ఉబ్బసానికి వాడే మాంటెలుకాస్ట్ మాత్రల అట్ట. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివితే మాంటెలుకాస్ట్ ఒక్కటే కాదు, పక్కన బాంబ్యుటెరాల్ 10 మిల్లీగ్రాములు. ఈ కలయిక మన మెడికల్ షాపుల్లో మామూలే, రాసే డాక్టర్లూ ఎక్కువే. బాంబ్యుటెరాల్ ఒంట్లోకి వెళ్లాక టెర్బ్యుటలిన్‌గా మారుతుంది. రెండూ బీటా-2 అగోనిస్టులే, అంటే శ్వాసనాళాలను వదులు చేసే మందులే. ఆటల్లో రెండూ నిషేధమే. పోటీ రోజున మాత్రమే కాదు, ఏడాది పొడవునా.

రెండోది దగ్గు సిరప్, సగం ఖాళీ. బ్రోమ్‌హెక్సిన్, గ్వైఫెనెసిన్, టెర్బ్యుటలిన్. మళ్లీ అదే. సిరప్ అంటే మందు లెక్కలోకే రాదన్నట్టు వాడేస్తాం మనవాళ్లం. హాస్టల్లో ఒకరి సీసా నలుగురు తాగుతారు.

మూడోది లెవోసాల్‌బ్యుటమాల్ ఇన్‌హేలర్, సీలు కూడా తీయలేదు. నాలుగోది సాల్‌బ్యుటమాల్ నెబులైజర్ ద్రావణం, 2.5 మిల్లీగ్రాముల ప్లాస్టిక్ గొట్టాలు. ఆయాసం ఎక్కువైనప్పుడు హాస్టల్ పక్కన ఆర్‌ఎంపీ దగ్గర "గాలి పెట్టించుకోవడానికి" ఇవే తీసుకెళ్తుందట. అక్కడ నడుముకు ఒక ఇంజెక్షన్ కూడా వేస్తారు. పేరు తెలియదు. "దానితో గంటలో సర్దుకుంటది" అంది. వర్ణన బట్టి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ అయి ఉండాలి. ఐదోది ప్రెడ్నిసోలోన్ అట్ట, అదీ స్టెరాయిడే, నాలుగు మాత్రలు మిగిలాయి. చివరిది ఒక ప్లాస్టిక్ డబ్బాలో ముదురు ఆకుపచ్చ చూర్ణం. లేబుల్ లేదు.

సీలు తీయని ఇన్‌హేలర్ గురించి అడిగాను. జవాబు కోచ్ చెప్పాడు.

"ఇన్‌హేలర్ వాడితే డోప్ టెస్టులో దొరికిపోతారు కద సార్. అందుకే దాని జోలికి పోకుండా మాత్రలు, సిరప్‌తోనే నెట్టుకొస్తున్నాం."

తల్లి ఇంకోటి కలిపింది: "పంపు అలవాటైతే జన్మలో వదల్దంటగదండీ. ఆడపిల్ల, రేపు పెళ్లి కావాలి."

అంటే ఆ అమ్మాయి దగ్గర ఉన్న మందుల్లో నియమాలకు దగ్గరగా ఉన్నది ఇన్‌హేలరే. దాన్ని తాకకుండా పెట్టి, నిజంగా నిషేధం ఉన్నవాటిని రోజూ మింగుతోంది. అదీ డోపింగ్ భయంతోనే.

కోచ్‌ను తప్పుపట్టలేను. ఆయన పరిగెత్తే రోజుల్లో నియమం దాదాపు అలాగే ఉండేది. 2010కి ముందు సాల్‌బ్యుటమాల్ ఇన్‌హేలర్‌కు కూడా టీయూఈ, అంటే చికిత్స కోసం ఇచ్చే ప్రత్యేక అనుమతి, అడగాల్సి వచ్చేది. తర్వాత సడలించారు. పాత జ్ఞానం ట్రాక్ మీద అలాగే మిగిలిపోయింది. దానికి మన ఇళ్లలో ఇన్‌హేలర్ మీద ఉన్న మొహమాటం తోడైంది.

నియమం ఏమంటోంది, ఎందుకంటోంది

ప్రపంచ యాంటీ డోపింగ్ ఏజెన్సీ, అంటే వాడా, ఏటా జనవరి 1 నుంచి అమలయ్యేలా నిషేధిత జాబితా ఇస్తుంది. అందులో ఎస్3 అనే విభాగం బీటా-2 అగోనిస్టులది. మొదటి వాక్యంలోనే అన్నిటినీ నిషేధించి, తర్వాత నాలుగింటికి మినహాయింపు ఇస్తుంది: సాల్‌బ్యుటమాల్, ఫార్మోటెరాల్, సాల్మెటెరాల్, విలాంటెరాల్. అదీ పీల్చే రూపంలో, చెప్పిన మోతాదు దాటనంతవరకే. సాల్‌బ్యుటమాల్‌కు 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ డోసు నుంచి లెక్కపెట్టినా 8 గంటల్లో 600 మించకూడదు. మన ఇన్‌హేలర్లలో పఫ్‌కు 100 మైక్రోగ్రాములు కాబట్టి 8 గంటల్లో 6 పఫ్‌లు, రోజుకు 16. ఫార్మోటెరాల్‌కు 24 గంటల్లో 54 మైక్రోగ్రాములు, 12 గంటల్లో 36 దాటకూడదు.

పీల్చేదానికి ఒప్పుకుని మింగేదానికి ఎందుకు ఒప్పుకోరు? పీల్చిన మందు ఎక్కువగా శ్వాసనాళాల్లోనే పనిచేస్తుంది. అక్కడ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది, అంతే. ఉబ్బసం లేనివాళ్లు మామూలు మోతాదులో పీల్చినా పరుగులో చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. అదే మందును మాత్రగానో సిరప్‌గానో తీసుకుంటే రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది, కాళ్ల కండరాల మీదా పనిచేస్తుంది. ఇదే కుటుంబానికి చెందిన క్లెన్‌బ్యుటెరాల్‌ను కండబలం కోసం వాడే అలవాటు ఎప్పటి నుంచో ఉంది. వాడా దాన్ని ఏకంగా అనబాలిక్ పదార్థాల్లో చేర్చింది.

లెవోసాల్‌బ్యుటమాల్ సంగతి కొంచెం తికమక. సాల్‌బ్యుటమాల్‌లో పనిచేసే సగం ఇదే. "గుండె దడ తక్కువ" అని మన దగ్గర విపరీతంగా రాస్తాం. కానీ జాబితాలో దీని పేరు నిషేధిత ఉదాహరణల్లో విడిగా ఉంది, మినహాయింపుల్లో మాత్రం లేదు. "రెండూ ఒకటే కదా" అని వాదించే చోటు కమిటీ గదే గానీ క్లినిక్ కాదు. క్రీడాకారులకు నేను లెవో రాయను. మెడికల్ షాపులో "అదే ఇది, ఇంకా మంచిది" అని చేతిలో పెడితే తీసుకోవద్దని కూడా చెబుతాను.

స్టెరాయిడ్లది ఇంకో విభాగం, ఎస్9. పీల్చే బ్యుడెసొనైడ్, ఫ్లూటికాసోన్, ముక్కులో కొట్టుకునే స్ప్రేలు మామూలు మోతాదులో ఎప్పుడైనా వాడొచ్చు. మింగేవి, ఇంజెక్షన్లు పోటీ సమయంలో నిషేధం. పోటీ సమయం అంటే ముందు రోజు రాత్రి 11:59 నుంచి మొదలు. అంతకుముందు తీసుకున్నా మూత్రంలో మిగిలి ఉండొచ్చు. అందుకే వాడా వాషౌట్ గడువులు, అంటే మందు ఒంట్లోంచి పోవడానికి పట్టే రోజులు, ఇచ్చింది: మింగే ప్రెడ్నిసోలోన్‌కు 3 రోజులు, కండరానికి వేసే డెక్సామెథసోన్‌కు 5 రోజులు, అదే కండరానికి ట్రయామ్సినలోన్ అయితే 60 రోజులు. ఆర్‌ఎంపీ వేసే పేరు తెలియని ఇంజెక్షన్ ఈ రెండు ఇంజెక్షన్లలో ఏది కావొచ్చో ఆలోచించండి.

మాంటెలుకాస్ట్ ఒంటరిగా అయితే ఇబ్బంది లేదు. ఉబ్బసానికి వాడే ఇప్రాట్రోపియం, థియోఫిలిన్ కూడా జాబితాలో లేవు.

టెర్బ్యుటలిన్ గురించి చెప్పినప్పుడు కోచ్ నమ్మలేదు, "సిరప్‌కు కూడా బ్యాన్ చేస్తారా సార్?" అన్నాడు. 2016లో పారిస్-నీస్ సైకిల్ రేసులో బ్రిటిష్ రైడర్ సైమన్ యేట్స్‌కు ఏం జరిగిందో చెప్పాను. ఉబ్బసం ఉన్న మాట నిజమే. వాడింది ఇన్‌హేలరే. కానీ అందులో ఉన్నది టెర్బ్యుటలిన్. దానికి టీయూఈ పెట్టడం టీమ్ డాక్టర్ మర్చిపోయాడు. నిషేధం నాలుగు నెలలు పడింది. శిక్ష డాక్టర్ కాదు, రైడర్ అనుభవించాడు. అప్పటిదాకా మొబైల్ చూసుకుంటున్న అమ్మాయి తల ఎత్తింది.

పరీక్షలు

టీయూఈ అవసరమైనా లేకపోయినా క్రీడాకారుల్లో ఉబ్బసాన్ని కాగితం మీద నిరూపించాల్సిందే. "ఆయాసం ఉంది, మందు రాశాను" అనే చీటీ ఏ కమిటీ ముందూ నిలవదు.

బాంబ్యుటెరాల్ ప్రభావం రోజుకు పైనే ఉంటుంది కాబట్టి వెంటనే పరీక్ష చేస్తే ఫలితం తప్పుగా వస్తుంది. మాత్రలు, సిరప్ ఆపించి, అవసరమైతే వాడుకోవడానికి మామూలు సాల్‌బ్యుటమాల్ ఇన్‌హేలర్ ఇచ్చి, మరో నాలుగు రోజులకు రమ్మన్నాను. పీల్చే స్టెరాయిడ్ కావాలనే మొదలుపెట్టలేదు. అది మొదలైతే వాపు తగ్గి పరీక్షలో లోపం కనపడకుండా పోతుంది. నిరూపించే అవకాశం మళ్లీ రాదు.

విశ్రాంతిగా ఉన్నప్పుడు స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష, బాగుంది. ఒక సెకనులో వదిలే గాలి, అంటే ఎఫ్ఈవీ1, 2.96 లీటర్లు. ఆమె ఎత్తుకు, వయసుకు నూటికి నూరు. సాల్‌బ్యుటమాల్ ఇచ్చాక పెరిగింది 4 శాతమే. ఈ పరీక్షతో ఉబ్బసం అనాలంటే 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరగాలి. ఇక్కడితో ఆపితే "నార్మల్" అని రాసి పంపేవాళ్లం. రన్నర్ల ఊపిరితిత్తులు మామూలు వాళ్లకంటే బలంగా ఉంటాయి, కూర్చోబెట్టి ఊదిస్తే లోపం బయటపడదు.

అందుకని వేరే రోజు ట్రెడ్‌మిల్ ఎక్కించాం. మన కోస్తాలో ఈ పరీక్షకు తేమ పెద్ద తలనొప్పి. వ్యాయామంతో వచ్చే బిగుతుకు అసలు కారణం పొడి గాలి. వేగంగా ఊపిరి తీసినప్పుడు శ్వాసనాళాల పైపొర తడి ఆరిపోతుంది, దాంతో అక్కడి కణాలు హిస్టమిన్ లాంటి రసాయనాలు వదులుతాయి, నాళాలు బిగుసుకుంటాయి. గదిలో గాలి తేమగా ఉంటే బిగుతు రాదు, టెస్టు నెగెటివ్ అవుతుంది. ఏసీ గంట ముందే వేసి, తేమ 50 శాతం లోపు, ఉష్ణోగ్రత 22 డిగ్రీల దగ్గర ఉందని చూశాకే మొదలుపెట్టాం. ముక్కుకు క్లిప్. రెండు నిమిషాల్లో గుండె వేగం 171 దాటించి, మరో ఆరు నిమిషాలు అలాగే నిలబెట్టాం.

దిగగానే నవ్వుతూ "ఏం కాలేదు సార్" అంది. ఐదో నిమిషంలో ఎఫ్ఈవీ1 2.62. పదో నిమిషంలో 2.38. అప్పటికి నవ్వు పోయి దగ్గు వచ్చింది, స్టెత్ పెడితే రెండు వైపులా పిల్లికూతలు. పదిహేనో నిమిషంలో 2.45, అరగంటకు 2.78. తగ్గుదల దాదాపు 20 శాతం. 10 శాతం చాలు నిర్ధారణకు. ఆ తర్వాత స్పేసర్‌తో, అంటే ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టంతో, సాల్‌బ్యుటమాల్ నాలుగు పఫ్‌లు ఇస్తే 2.98కి వచ్చింది. ఆ నాలుగు పఫ్‌ల టైము కేస్ షీట్‌లో రాసి, ఆమె డైరీలోనూ రాయించాను. ల్యాబ్‌లో నేనిచ్చిన 400 మైక్రోగ్రాములు కూడా ఆమె 8 గంటల లెక్కలోవే.

స్వరపేటిక బిగుసుకోవడం వల్ల కూడా ఆటగాళ్లకు అచ్చం ఇలాగే ఊపిరాడదు. దాన్ని ఉబ్బసం అనుకుని ఏళ్ల తరబడి ఇన్‌హేలర్లు వాడేవాళ్లను చూస్తుంటాను. తేడా సులువే. అది పరుగు ఉధృతంగా ఉన్నప్పుడే వస్తుంది, గాలి లోపలికి తీసేటప్పుడు గొంతు దగ్గర చప్పుడు చేస్తుంది, ఆగిన కాసేపటికి పోతుంది. ఈ అమ్మాయికి అంతా తలకిందులుగా ఉంది. గాలి లోపలికి తీసే గ్రాఫ్ కూడా శుభ్రంగా వచ్చింది.

చికిత్స, లెక్క

బ్యుడెసొనైడ్-ఫార్మోటెరాల్ ఇన్‌హేలర్, 200/6, అంటే పఫ్‌కు బ్యుడెసొనైడ్ 200, ఫార్మోటెరాల్ 6 మైక్రోగ్రాములు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఆయాసం వచ్చినా ఇదే ఇంకొకటి. రిలీవర్‌గా, అంటే ఆయాసం వచ్చినప్పుడు వాడేదిగా, వేరే ఇన్‌హేలర్ పెట్టలేదు. రెండు రకాలు ఉంటే లెక్క తప్పుతుంది, పైగా స్టెరాయిడ్ ఉన్నది మానేసి వెంటనే హాయినిచ్చే దాని మీదే మనసు పోతుంది. పఫ్‌కు 6 అని పెట్టె మీద ఉన్న సంఖ్యతోనే లెక్కపెట్టమన్నాను. నోటికి అందేది 4.5 దాకానే అయినా, లెక్క బిగుతుగా ఉంటే నష్టం లేదు. ఆ ప్రకారం 12 గంటల్లో 6, రోజుకు 9. ప్రాక్టీస్ ఉన్న రోజు పరుగుకు ముందు ఒకటి వేసుకున్నా ఆమె వాడకం మూడు, నాలుగు పఫ్‌లే. దీనికి టీయూఈ అక్కర్లేదు. ఈ మాట అకాడమీకి ఉత్తరంగా రాసిచ్చాను, ఎందుకంటే "ఇన్‌హేలర్‌కు టీయూఈ తెచ్చుకో" అని పిల్లల్ని ఊరికే తిప్పుతుంటారు.

ముక్కుకు ఫ్లూటికాసోన్ స్ప్రే. స్పేసర్, వాడాక నోరు పుక్కిలించడం. వార్మప్ మార్చాం: ఒకేసారి జాగింగ్ కాకుండా చిన్న చిన్న స్ప్రింట్లు, మధ్యలో విరామం. ఇలా చేస్తే చాలామందికి తర్వాతి గంట, రెండు గంటలు శ్వాసనాళాలు మళ్లీ అంత తేలిగ్గా బిగుసుకోవు. చలి ఉన్న ఊళ్లో వార్మప్ అంతా ముక్కు, నోటి మీద బట్ట కట్టుకుని.

ఇక్కడ క్రీడాకారుల్ని చూసే డాక్టర్లకు ఒక మాట. వాడా పరిమితిని నేను ఉబ్బసం అదుపుకు కొలతగా కూడా చూస్తాను. 8 గంటల్లో 6 పఫ్‌ల సాల్‌బ్యుటమాల్ అవసరమయ్యే మనిషికి ఉబ్బసం అదుపులో లేదని అర్థం, డోపింగ్ నియమం ఉన్నా లేకపోయినా. పరిమితికి దగ్గరగా వెళ్తున్నవాళ్లకు కావాల్సింది టీయూఈ కంటే ముందు సరైన మోతాదులో పీల్చే స్టెరాయిడ్. 2014లో ఇటలీ సైకిల్ రేసు జిరో దితాలియాలో రైడర్ డియెగో ఉలిస్సీ మూత్రంలో సాల్‌బ్యుటమాల్ మిల్లీలీటరుకు 1920 నానోగ్రాములు ఉంది. పరిమితి 1000. తొమ్మిది నెలల నిషేధం పడింది. 2017లో స్పెయిన్ సైకిల్ రేసు వుయెల్టాలో బ్రిటిష్ రైడర్ క్రిస్ ఫ్రూమ్‌కు 2000 వచ్చింది, నెలల తరబడి వాదనల తర్వాత 2018 జులైలో కేసు మూసేశారు. ఒకే మందు, దగ్గర దగ్గర అంకెలు, ఫలితాలు మాత్రం వేరు. ఫ్రూమ్ దగ్గర నెలల తరబడి పోరాడే లాయర్లు, నిపుణులు ఉన్నారు. ప్రకాశం జిల్లా అమ్మాయి దగ్గర ఉండరు.

చూర్ణం గురించి తల్లితో కాసేపు నడిచింది. ఏటా మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం కోసం కూడా తీసుకెళ్తున్నారట, వచ్చే జూన్‌కు కూడా వెళ్లాలని ఉంది. నమ్మకం జోలికి నేను పోలేదు. దేనిలో ఏముందో రాతపూర్వకంగా తెలియనిది ఆటగాళ్లు మింగకూడదు, అంతే చెప్పాను. ఒంట్లో దొరికిందంటే ఎలా వచ్చిందన్నది తర్వాతి మాట, బాధ్యత మాత్రం ఆటగాళ్లదే. "దేవుడి మందులో డోపింగ్ ఏంటండీ" అని ఆమె నొచ్చుకుంది గానీ, డబ్బా మాత్రం నా టేబుల్ మీదే వదిలి వెళ్లింది.

పాత తేదీ ఉత్తరం

ఆ వారంలోనే ఒక ఫోన్ వచ్చింది. ఎవరన్నది అనవసరం. అమ్మాయి ఇదివరకు వాడిన బాంబ్యుటెరాల్, సిరప్‌ల గురించి భయం పట్టుకుంది. "రేపు ఎప్పుడైనా సమస్య వస్తే ఉంటుంది, రెండు నెలల కిందటి తేదీతో ఒక సర్టిఫికెట్ ఇవ్వండి డాక్టరు గారూ" అని అడిగారు.

ఇవ్వనన్నాను. అలాంటి కాగితం డోపింగ్ నియమాల్లో ట్యాంపరింగ్, అంటే సాక్ష్యాల తారుమారు, కిందికి వస్తుంది, మందు దొరకడం కంటే పెద్ద నేరం. డాక్టర్, కోచ్ కూడా నియమాల పరిధిలోకి వచ్చే సహాయక సిబ్బందే, మా మీద కూడా కేసు పెట్టొచ్చు. దానికి బదులు ఆమె ఏ మందు, ఎప్పటి నుంచి, ఎవరి సలహాతో వాడిందో, నేను ఏ తేదీన ఆపించానో ఉన్నది ఉన్నట్టు కేస్ షీట్‌లో రాసి కాపీ ఇచ్చాను. తర్వాత ఎవరు అడిగినా చూపించడానికి అదే మిగులుతుంది.

1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో రిక్ డిమాంట్ అనే అమెరికన్ కుర్రాడు, 16 ఏళ్లవాడు, 400 మీటర్ల ఫ్రీస్టైల్ ఈతలో బంగారు పతకం గెలిచి పోగొట్టుకున్నాడు. ఉబ్బసం మాత్రలో ఉన్న ఎఫెడ్రిన్ కారణం. వాడుతున్న మందుల పేర్లు ముందే ఫారంలో రాసిచ్చాడు. దాన్ని చూసి సరిచేయాల్సిన టీమ్ డాక్టర్లు సరిచేయలేదు. పిల్లవాడు నిజం రాసినా పెద్దవాళ్లు పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి నేను ఈ కేసునే వాడతాను.

పోటీకి రెండు రోజుల ముందు

నాలుగు వారాల్లో రాత్రి దగ్గు పోయింది. టైమింగ్ కోలుకుంది. అంతా బాగుందనుకున్నప్పుడు రైల్లో జలుబు తగిలింది. పోటీ ఊళ్లో దిగేసరికి జ్వరం, పొగమంచు, కట్టెల పొగ. హీట్స్‌కు, అంటే తొలి రౌండ్ పరుగులకు, రెండు రోజుల ముందు అర్ధరాత్రి కోచ్ ఫోన్. మాట పూర్తి చేయలేకపోతోంది, ఇన్‌హేలర్ ఆరు పఫ్‌లు అయిపోయాయి, ఆసుపత్రికి తీసుకెళ్తే నెబులైజర్ పెడతారు, పెట్టించుకోవాలా వద్దా అని అడుగుతున్నాడు.

ముందు ఆసుపత్రికి, వాళ్లు ఏది ఇస్తే అది, డోపింగ్ సంగతి నేను చూసుకుంటాను అన్నాను. ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఎవరూ ఒక్క నిమిషం కూడా వృథా చేయకూడదు. ప్రాణాపాయం ఉన్నప్పుడు ఇచ్చిన చికిత్సకు తర్వాత టీయూఈ అడగవచ్చని నియమాల్లోనే ఉంది.

చేరేసరికి ఆక్సిజన్ 91 శాతం, నిమిషానికి 32 శ్వాసలు. గంటలో మూడు సార్లు సాల్‌బ్యుటమాల్ నెబులైజేషన్, ఇప్రాట్రోపియం, నరానికి హైడ్రోకార్టిసోన్. తర్వాత ఐదు రోజులు ప్రెడ్నిసోలోన్. ఒక్క గొట్టంలో 2500 మైక్రోగ్రాములు, అంటే మూడుకు 7500. 8 గంటలకు పరిమితి 600. "నెబులైజర్‌లో సగం ఆవిరై పోతుంది కదా" అనే వాదన నిలబడదు. నార్వే స్కీయర్ మార్టిన్ యోన్స్‌రుడ్ సుండ్‌బీ విషయంలో దాదాపు ఇదే వాదన నడిచింది. 2016లో క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఒప్పుకోలేదు. రెండు నెలల నిషేధంతో పాటు 2014-15 వరల్డ్ కప్ టైటిలూ పోయింది.

తెల్లారేలోపు కోచ్‌తో మూడు కాగితాలు సంపాదింపజేశాను: ఎమర్జెన్సీ నోట్స్, ఏ మందు ఎన్ని గంటలకు ఎంత ఇచ్చారో ఉన్న నర్సింగ్ చార్టు, డిశ్చార్జ్ సమ్మరీ. చార్టు ఇవ్వడానికి అక్కడ కాస్త సతాయించారు, కానీ టైములతో ఉన్న కాగితం అదొక్కటే. వాటికి నా ట్రెడ్‌మిల్ రిపోర్టు, కేస్ షీట్ జతచేసి జాతీయ యాంటీ డోపింగ్ ఏజెన్సీ నాడాకు అత్యవసర టీయూఈ దరఖాస్తు పంపాం. అంతర్జాతీయ స్థాయి అథ్లెట్ అయితే వరల్డ్ అథ్లెటిక్స్‌కు పంపాల్సి వచ్చేది.

దరఖాస్తు పంపినంత మాత్రాన పరిగెత్తొచ్చని కాదు. ఆమె పరిగెత్తకూడదన్నాను, కారణం డోపింగ్ కాదు. అంత పెద్ద అటాక్ వచ్చిన రెండు రోజులకే 1500 మీటర్లు పరిగెత్తితే ట్రాక్ మీదే మళ్లీ రావొచ్చు. కోచ్ గట్టిగానే మాట్లాడాడు, ఏడాది శ్రమ అన్నాడు. అమ్మాయి ఏడ్చింది. పేరు ఉపసంహరించుకున్నారు. పరిగెత్తకపోయినా దరఖాస్తు వెనక్కి తీసుకోలేదు. శాంపిల్ పోటీ బయట కూడా తీసుకుంటారు, సాల్‌బ్యుటమాల్ పరిమితి అప్పుడూ వర్తిస్తుంది.

కమిటీ ఇంకొన్ని వివరాలు అడిగింది, ముఖ్యంగా అటాక్‌కు ముందు రోజువారీ చికిత్స సరిగ్గా జరిగిందా అని. ఇన్‌హేలర్ మీద డోసు కౌంటర్ ఉండటం, డైరీలో పఫ్‌ల లెక్క దానికి సరిపోవడం పనికొచ్చాయి. అనుమతి ఆ చికిత్స జరిగిన రోజులకు మాత్రమే పరిమితమై వచ్చింది.

తర్వాత

ప్రెడ్నిసోలోన్ ఆపిన మూడు వారాలకు మళ్లీ ట్రెడ్‌మిల్ ఎక్కించాం. ఎఫ్ఈవీ1 తగ్గుదల 7 శాతం. మార్చిలో ఇంకో మీట్‌లో పరిగెత్తింది, రేసు అయ్యాక శాంపిల్ ఇచ్చింది. ఫారంలో గత ఏడు రోజుల మందుల దగ్గర బ్యుడెసొనైడ్-ఫార్మోటెరాల్, ముక్కు స్ప్రే రెండూ మోతాదుతో సహా రాసింది. తర్వాత ఏ నోటీసూ రాలేదు.

ఇంకా తేలనిది ఒకటుంది. చలి ఉన్న చోట పోటీ అయితే ముందు వారం ఇన్‌హేలర్ మోతాదు పెంచాలా అన్నది. పొద్దున రెండు, రాత్రి రెండు చేసినా ఫార్మోటెరాల్ 24 మైక్రోగ్రాములే, పరిమితితో ఇబ్బంది లేదు. ఆమెకు మాత్రం చేతులు కొద్దిగా వణుకుతున్నాయట, స్టార్ట్ లైన్ దగ్గర అది టెన్షన్ పెడుతోందట. ఫార్మోటెరాల్ పెంచకుండా బ్యుడెసొనైడ్ మాత్రమే విడిగా పెంచి చూద్దామని అనుకున్నాం. అక్టోబరులో రమ్మన్నాను.